పాత ఆర్‌వీ టీవీలో యాంటెన్నా చానల్స్ రావట్లేదా, కొత్తవి కొనే ముందు ఇవి చూడండి

ఈమధ్య మా ఫ్రెండ్స్‌లో ముగ్గురు సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్లు, అంటే ట్రక్కు వెనక లాక్కెళ్ళే ఇల్లులాంటి ఆర్‌వీలు, కొన్నారు, ముగ్గురూ నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే, పైన యాంటెన్నా ఉంది లోపల టీవీ ఉంది కానీ ఒక్క చానల్ కూడా రావట్లేదు ఏ యాంటెన్నా కొనమంటావు అని. నేను చెప్పేది కూడా ప్రతిసారీ ఒకటే, ఇప్పుడే ఏం కొనకండి, రూఫ్ నుంచి టీవీ దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ రండి, ఎక్కువ సార్లు పైసా ఖర్చు లేకుండానే వచ్చేస్తుంది. మళ్ళీ మళ్ళీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒక చోట రాసేస్తున్నా. ఇదంతా అమెరికా సంగతి, మా ట్రైలర్ 2004 మోడల్, మేం ఉండేది డల్లాస్ దగ్గర.

అందరూ ఫోన్లో చూస్తున్న రోజుల్లో యాంటెన్నా గోల దేనికి అంటారేమో. మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్ళని తీసుకుని లేక్ టెక్సోమా వైపు వెళ్ళాం, మే నెల, సాయంత్రానికి ఆకాశం ఒక రకమైన ఆకుపచ్చగా అయిపోయింది, ఫోన్లో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది, రాడార్ యాప్ ఓపెన్ కావట్లేదు. అప్పుడు టీవీలో లోకల్ స్టేషన్ పెడితే వెదర్ ఆయన మ్యాప్ వేసి తుఫాను ఏ కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) మీదకి ఎన్నింటికి వస్తుందో రోడ్ల పేర్లతో సహా చెప్తున్నాడు. మేం సామాను అక్కడే వదిలేసి క్యాంప్‌గ్రౌండ్‌లో కాంక్రీట్ బాత్‌రూమ్ బిల్డింగ్‌లోకి వెళ్ళిపోయాం. ఆ రోజు మాకేం కాలేదు గానీ అప్పటినుంచి నా దృష్టిలో యాంటెన్నా అనేది టైంపాస్ సామాను కాదు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లాగా పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాల్సిన వస్తువు. ఇంకోటి, టీవీలో వార్నింగ్‌లు కౌంటీ పేరుతో చెప్తారు కాబట్టి మీరు దిగిన చోటు ఏ కౌంటీయో ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి, పెద్దవాళ్ళు ఒక్కళ్ళే లోపల ఉన్నప్పుడు వాళ్ళకీ తెలుస్తుంది.

సరే అసలు విషయం. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12న అనలాగ్ ఆపేసి పూర్తిగా డిజిటల్‌కి వెళ్ళిపోయాయి, చిన్న లో పవర్ స్టేషన్లకి మాత్రం 2021 జులై దాకా టైమిచ్చారు, ఇప్పుడు అనలాగ్ అనేది దాదాపు లేనట్టే. ఇక్కడి డిజిటల్ పద్ధతి పేరు ఏటీఎస్‌సీ. మీ టీవీలో ఏటీఎస్‌సీ ట్యూనర్, అంటే ఆ సిగ్నల్ పట్టి బొమ్మగా మార్చే భాగం, ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. 2007 మార్చి 1 తర్వాత అమెరికాలోకి వచ్చిన ప్రతి టీవీలో ఈ ట్యూనర్ ఉండాలని ఇక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్ పెట్టింది, కాబట్టి మీ ఆర్‌వీలో బరువైన గూడు టీవీ, అదే పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంటే చాలావరకు లేనట్టే, పల్చటి టీవీ ఐతే వెనకాల స్టిక్కర్ మీద ఏటీఎస్‌సీ అనో డిజిటల్ ట్యూనర్ అనో ఉందేమో చూడండి. ట్యూనర్ లేకుండా మానిటర్ అని అమ్మేవి కూడా ఉంటాయి, వాటికి వెనక కేబుల్ బిగించే మరలు ఉన్న గుండ్రటి కనెక్టర్ ఉండదు.

మన వాళ్ళు కొందరు ఇండియా నుంచి తెచ్చిన చిన్న టీవీ పెట్టేస్తుంటారు. వోల్టేజ్ సంగతి అడాప్టర్‌తో చూసుకోవచ్చు కానీ ట్యూనర్ కుదరదు, అక్కడ దూరదర్శన్ డిజిటల్ ప్రసారాలు డీవీబీ టీ2 అనే వేరే పద్ధతి, ఇక్కడి సిగ్నల్ దానికి అసలు అర్థం కాదు, గంట సేపు స్కాన్ చేసినా సున్నానే. దానికి హెచ్‌డీఎమ్‌ఐలో వేరే బాక్స్ పెట్టి వాడుకోవచ్చు అంతే. అలాగే యాంటెన్నాలో తెలుగు చానల్స్ వస్తాయా అని అత్తయ్యలు అడుగుతారు, రావు, సీరియల్స్ కావాలంటే ఇంటర్నెట్టే దారి, ముందే చెప్పేస్తే అక్కడికెళ్ళాక నిరాశ ఉండదు.

పాత గూడు టీవీనే ఉంచుకోవాలనుకుంటే కన్వర్టర్ బాక్స్ పెట్టొచ్చు. యాంటెన్నా వైరు బాక్స్‌లోకి, బాక్స్ నుంచి టీవీకి ఎర్ర తెల్ల పసుపు వైర్లు, ఆ సాకెట్లు లేకపోతే కోయాక్స్ వైరు (యాంటెన్నాకి వాడే గుండ్రటి వైరు) పెట్టి టీవీని 3 లేదా 4వ చానల్‌లో ఉంచాలి. అప్పట్లో గవర్నమెంట్ ఇంటికి రెండు 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది, అవి 2009తోనే అయిపోయాయి. నా మాట వింటే మాత్రం ఆ గూడు టీవీ తీసేయండి, డ్రైవింగ్‌లో ఊగే అంత బరువు తలకాయ ఎత్తులో ఉండటం మంచిది కాదు, దాని బదులు 24 ఇంచుల ఎల్‌ఈడీ టీవీ పెడితే కరెంటూ తక్కువ బరువూ తక్కువ. గోడకి బిగించేటప్పుడు లాక్ అయ్యే మౌంట్ తీసుకోండి, మామూలు ఇంటి మౌంట్ ఐతే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే చెయ్యి బయటికి ఊగుతుంది, స్క్రూలు కూడా పల్చటి ప్యానెల్‌కి కాకుండా వెనకాల చెక్క ఉన్న చోట పడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, చాలామందికి తెలీదు. కొన్ని చిన్న టీవీలకి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది కదా, అడాప్టర్ పక్కన పడేసి డైరెక్టుగా ఆర్‌వీ బ్యాటరీకి కలిపేద్దాం అనిపిస్తుంది. ఆర్‌వీలో 12 వోల్టులు అంటాం గానీ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు 14.4 దాకా వెళ్తుంది, బ్యాటరీ దిగిపోతే 12 లోపలకి పడిపోతుంది. ఇంటి టీవీ లోపలి బోర్డు ఆ పైకీ కిందకీ తట్టుకునేలా చేసింది కాకపోవచ్చు. ఆర్‌వీల కోసమే చేసిన 12 వోల్ట్ టీవీ కొనండి లేదా మధ్యలో వోల్టేజ్ స్టెబిలైజ్ చేసే చిన్న రెగ్యులేటర్ పెట్టండి, హుకప్, అంటే క్యాంప్‌గ్రౌండ్ కరెంటు కనెక్షన్, ఉన్న చోట మాత్రమే చూస్తాం అనుకుంటే మామూలు టీవీని 120 వోల్ట్ ప్లగ్‌లోనే పెట్టుకోవడం అన్నిటికంటే సుఖం.

ఇప్పుడు యాంటెన్నా. షాపుల్లో డిజిటల్ యాంటెన్నా, హెచ్‌డీ యాంటెన్నా అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో రాసి అమ్ముతారు. గాల్లో వచ్చే తరంగం తరంగమే, అందులో అనలాగ్ ఉందా డిజిటల్ ఉందా అన్నది యాంటెన్నాకి సంబంధం లేదు, దానికి కావాల్సింది సరైన ఫ్రీక్వెన్సీ అంతే. మీ రూఫ్ మీద గబ్బిలం రెక్కల్లా ఉండి లోపల హ్యాండిల్ తిప్పితే పైకి లేచే యాంటెన్నా ఉందంటే అది చాలావరకు వైన్‌గార్డ్ సెన్సార్ రకం, అందరూ బ్యాట్‌వింగ్ అంటారు, పాతదైనా డిజిటల్‌కి భేషుగ్గా పనిచేస్తుంది. ఇప్పుడు స్టేషన్లు ఎక్కువ భాగం పై ఫ్రీక్వెన్సీల బ్యాండ్ అయిన యూహెచ్‌ఎఫ్‌లో ఉన్నాయి కాబట్టి దానికి ముందు భాగంలో తగిలించే వింగ్‌మ్యాన్ అని ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంది, అది యూహెచ్‌ఎఫ్‌ని కొంచెం బలపరుస్తుంది, దూరంగా ఉండే క్యాంప్‌గ్రౌండ్‌లకి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది, సిటీ పక్కనే ఉండేవాళ్ళకి అక్కర్లేదు.

గుండ్రంగా పళ్ళెం బోర్లించినట్టుండే కొత్త యాంటెన్నాలు పైకి లేపే పనిలేదు తిప్పే పనిలేదు, సుఖమే, కానీ వాటి సైజు చిన్నది. ఎందుకు చెప్తున్నానంటే స్టేషన్లు అన్నీ యూహెచ్‌ఎఫ్‌కి పోలేదు. డల్లాస్‌లో 8వ చానల్ ఇప్పటికీ కింది ఫ్రీక్వెన్సీల బ్యాండ్ అయిన వీహెచ్‌ఎఫ్‌లోనే ఉంది, హ్యూస్టన్‌లో 8, 11, 13 మూడూ వీహెచ్‌ఎఫ్. ఆ తరంగం పొడవు సుమారు మీటరున్నర, యూహెచ్‌ఎఫ్‌ది అర మీటరు చిల్లర, అందుకే చిన్న యాంటెన్నా పెట్టుకున్నవాళ్ళకి ముప్ఫై చానల్స్ వచ్చి ఆ ఒక్క 8 మాత్రం రాదు. ఇంకో తిరకాసు, టీవీలో కనిపించే నంబర్ అసలు ఫ్రీక్వెన్సీ నంబర్ కానక్కర్లేదు, డల్లాస్‌లో 4, 5 అని కనిపించేవి నిజానికి యూహెచ్‌ఎఫ్‌లో వస్తున్నాయి, పాత నంబర్ జనాలకి అలవాటని అదే చూపిస్తారు. ఏది ఎక్కడుందో ఎఫ్‌సీసీ సైట్‌లో డీటీవీ మ్యాప్స్ పేజీలో గానీ రాబిట్‌ఇయర్స్ సైట్‌లో గానీ మీరు వెళ్ళే ఊరు కొడితే వచ్చేస్తుంది, టవర్ ఏ దిక్కున ఉందో ఎన్ని మైళ్ళో కూడా చూపిస్తుంది. ఇంటి దగ్గర నెట్ ఉన్నప్పుడే చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, అక్కడికెళ్ళాక నెట్ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

యాంటెన్నా బాగుంది టీవీ బాగుంది అయినా రావట్లేదంటే ఎక్కువ సార్లు తప్పు ఒక చిన్న బటన్ దగ్గర ఉంటుంది. టీవీ పక్కన గోడకో కప్‌బోర్డ్ లోపలో ఒక ప్లేట్ ఉంటుంది, దాని మీద చిన్న నొక్కుడు బటన్, పక్కన చిన్న లైటు. బ్యాట్‌వింగ్ తలలోనే ఒక యాంప్లిఫైయర్ ఉంటుంది, దానికి 12 వోల్టుల కరెంటు ఈ ప్లేట్ నుంచే అదే కోయాక్స్ వైరులో పైకి వెళ్తుంది. లైటు వెలిగితే యాంటెన్నా ఆన్, ఆరితే యాంటెన్నా కట్ అయ్యి బయట క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళిచ్చే పార్క్ కేబుల్ ఇన్‌పుట్ టీవీకి కలుస్తుంది. మేం ట్రైలర్ కొన్న కొత్తలో నాకీ సంగతి తెలీక ఒక శనివారం మొత్తం రూఫ్ ఎక్కి దిగి కొత్త వైరు కూడా లాగాను, పాత ఓనర్ కేబుల్ వాడేవాడేమో బటన్ ఆఫ్‌లో ఉంది, అది కప్‌బోర్డ్‌లో గిన్నెల వెనక ఉండటంతో నాకు కనపడనే లేదు, సాయంత్రం మా ఆవిడ గిన్నెలు సర్దుతూ ఇదేంటీ అని అడిగితే అప్పుడు బయటపడింది. కాబట్టి మొదట ఆ ప్లేట్ ఎక్కడుందో వెతకండి.

బటన్ నొక్కినా లైటు వెలగకపోతే 12 వోల్ట్ ఫ్యూజ్ ప్యానెల్లో ఫ్యూజ్ పోయిందేమో చూడండి. లైటు వెలుగుతోంది కానీ కింద చెప్పినట్టు స్కాన్ చేసినా చానల్స్ లేవంటే మల్టీమీటర్ తీయాలి, పది పదిహేను డాలర్లది చాలు. బటన్ ఆన్ చేసి, యాంటెన్నా తల దగ్గర వైరు విప్పి, మధ్య తీగకీ చుట్టూ ఉన్న లోహపు కనెక్టర్‌కీ మధ్య డీసీ వోల్టేజ్ చూస్తే 12 దరిదాపుల్లో ఉండాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలనివ్వకండి, ఫ్యూజ్ కొట్టేస్తుంది. అక్కడ 12 ఉంటే వైరు బాగున్నట్టు, యాంటెన్నా తల పోయి ఉండొచ్చు, తల ఒక్కటే మార్చుకోవచ్చు మొత్తం కాదు. అక్కడ సున్నా ఉంటే మధ్యలో ఎక్కడో వైరు తెగింది లేదా కనెక్టర్ తుప్పు పట్టింది, లేకపోతే ముందు ఓనర్ రెండో టీవీ కోసం ప్లేట్‌కీ యాంటెన్నాకీ మధ్యలో వైరుని రెండుగా చీల్చే స్ప్లిటర్ పెట్టేసి ఉంటాడు, మామూలు స్ప్లిటర్ కరెంటుని పైకి పోనివ్వదు. స్ప్లిటర్ పెట్టాలంటే ప్లేట్ తర్వాత టీవీల వైపు పెట్టాలి.

రూఫ్ మీద వైరు మడత పడే చోట ఎండకి పైతొక్క పగిలిపోతుంది, లోపల రాగి ఆకుపచ్చగా మారుతుంది, అనలాగ్ రోజుల్లో ఐతే అలాంటి వైరుతో కూడా చుక్కల చుక్కల బొమ్మ వచ్చేది, డిజిటల్ అలా కాదు, సిగ్నల్ ఒక గీత పైనుంటే అద్దంలా బొమ్మ, కొంచెం కిందకి పడితే గళ్ళు గళ్ళుగా విరిగిపోయి మొత్తానికే మాయం. అందుకే పాత ఆర్‌జీ59 రకం కోయాక్స్ వైరు ఉన్నవాళ్ళు వీలైతే మెరుగైన ఆర్‌జీ6 లాగించుకోండి, కనీసం రెండు చివర్ల కనెక్టర్లు కొత్తవి వేయండి. రూఫ్ మీద ఏదైనా విప్పి బిగిస్తే దాని చుట్టూ మళ్ళీ సీల్ చేయాలి, రబ్బర్ రూఫ్‌కి డైకార్ లాంటి ల్యాప్ సీలెంట్ వాడతారు, ఇంట్లో బాత్‌రూమ్‌కి వాడే సిలికాన్ పూయకండి, అది పట్టదు, దాని మీద తర్వాత వేరేది కూడా అంటదు, నీళ్ళు కారడం మొదలైతే టీవీ సంగతి దేవుడెరుగు గోడలే కుళ్ళిపోతాయి.

తర్వాత స్కాన్. టీవీ మెనూలో చానల్ సెటప్‌కి వెళ్తే యాంటెన్నా, కేబుల్ అని రెండు ఉంటాయి, కొన్నిట్లో ఎయిర్ అని ఉంటుంది. కేబుల్ మీద పెట్టి స్కాన్ చేస్తే యాంటెన్నా ఎంత బాగున్నా ఏమీ రాదు, ఇది చాలామంది దగ్గర చూశా. ఇంట్లో ఒకసారి స్కాన్ చేస్తే ఏళ్ళు సరిపోతుంది కానీ ఆర్‌వీలో ప్రతి కొత్త చోట మళ్ళీ చేయాలి, డల్లాస్ లిస్టు టీవీలో పెట్టుకుని టెక్సోమా వెళ్తే అక్కడ షెర్మన్, ఏడా స్టేషన్లు వస్తున్నా టీవీకి తెలీదు, పాత నంబర్లే వెతుకుతూ నో సిగ్నల్ అంటుంది. పాత లిస్టు వాడేవాళ్ళకి ఇంకో దెబ్బ కూడా తగిలింది, 600 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ని సెల్‌ఫోన్ వాళ్ళకి వేలం వేశాక చాలా స్టేషన్లు ఫ్రీక్వెన్సీ మారాయి, ఆ మార్పులు 2020 జులైకి పూర్తయ్యాయి, ఇప్పుడు టీవీ చానల్స్ 36తో ఆగిపోతాయి. మూడు నాలుగేళ్ళు పక్కన పడున్న ట్రైలర్ ఐతే మొదటి పని రీస్కానే.

దిశ తిప్పడంలో మన చిన్నప్పటి అలవాటు ఒకటి మర్చిపోవాలి. మేడ మీద నాన్న యాంటెన్నా కర్ర తిప్పుతుంటే కింద నుంచి మనం ఆఁ ఆఁ వచ్చింది, అయ్యో పోయింది అని అరిచేవాళ్ళం కదా, అప్పుడు బొమ్మ మెల్లగా తేలుతూ వచ్చేది కాబట్టి అది కుదిరింది. డిజిటల్‌లో ట్యూనర్ సిగ్నల్ పట్టుకుని బొమ్మ వేయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆగకుండా తిప్పుతూ పోతే మంచి దిక్కు దాటిపోయినా తెలీదు. కొంచెం తిప్పి ఆగండి, పది దాకా లెక్కపెట్టండి, మళ్ళీ కొంచెం. టీవీ మెనూలో సిగ్నల్ స్ట్రెంత్ చూపించే పేజీ ఉంటే అది పెట్టుకుని తిప్పితే ఇంకా సులువు. ఇందాక తీసిన స్క్రీన్‌షాట్ ప్రకారం టవర్ల దిక్కుకి ముందే పెట్టుకుని అప్పుడు స్కాన్ చేయండి, డల్లాస్‌వైతే దాదాపు అన్నీ సెడార్ హిల్‌లోనే ఉంటాయి, ఒక్క దిక్కుతో పనైపోతుంది. రెండు ఊళ్ళ మధ్యలో ఉన్నప్పుడు ఒక వైపు స్కాన్ చేసి, ఇంకో వైపు తిప్పి మళ్ళీ పూర్తి స్కాన్ కొడితే మొదటి లిస్టు చెరిగిపోతుంది, టీవీలో యాడ్ చానల్స్ అనే ఆప్షన్ ఉంటే రెండోసారి అది వాడండి.

బ్యాట్‌వింగ్ తిప్పే పద్ధతి కూడా తెలియాలి. ముందు క్రాంక్ హ్యాండిల్ అప్ వైపు తిప్పి పూర్తిగా పైకి లేపాలి, తర్వాత సీలింగ్‌కి అంటుకుని ఉన్న గుండ్రటి పట్టుని రెండు చేతులతో కిందకి లాగి పట్టుకుని తిప్పాలి. లాగకుండా బలంగా తిప్పితే లోపల పళ్ళు అరిగిపోతాయి. పైకి లేపే ముందు బయటకి వెళ్ళి పైన చెట్టు కొమ్మ గానీ వైరు గానీ ఉందేమో చూడండి, కరెంటు వైరు దగ్గరలో ఉంటే ఆ రోజుకి టీవీ వద్దు. క్రాంక్ బిగుసుకుపోయినట్టుంటే బలవంతం చేయకుండా పైన గేరు దగ్గర సిలికాన్ స్ప్రే కొట్టండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా బొమ్మ ఉన్నట్టుండి గళ్ళు పడుతోందంటే ఆర్‌వీ లోపలి సామానే గోల పెడుతుండొచ్చు. చవక ఎల్‌ఈడీ బల్బులు, 12 వోల్ట్ సాకెట్‌లో పెట్టే ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్ ఇవన్నీ రేడియో నాయిస్ వదులుతాయి, వీహెచ్‌ఎఫ్ చానల్స్ మీద ఎక్కువ కనపడుతుంది. ఒక్కొక్కటే ఆఫ్ చేసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు, మా దాంట్లో యాంటెన్నా ప్లేట్ మీదున్న 12 వోల్ట్ సాకెట్‌లో గుచ్చిన చార్జరే తప్పు. దీనికి వ్యతిరేకం, టవర్లకి మరీ దగ్గరగా ఆపినప్పుడు సిగ్నల్ ఎక్కువై కూడా ట్యూనర్ తడబడుతుంది, అప్పుడు యాంటెన్నా దిక్కు కొంచెం పక్కకి తిప్పి చూడండి.

పార్క్ కేబుల్ సంగతి రెండు ముక్కల్లో. మీరు ఆపిన చోట హుకప్ పోస్టు దగ్గర కోయాక్స్ ఉంటే ఆర్‌వీ పక్కన ఇన్‌పుట్‌కి కలిపి, గోడ ప్లేట్ బటన్ ఆఫ్ చేసి, టీవీ మెనూ కేబుల్‌కి మార్చి స్కాన్ చేయాలి. అయినా ఏమీ రాకపోతే వాళ్ళ కేబుల్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆఫీసులో బాక్స్ ఇస్తారేమో అడగండి. నెక్స్ట్‌జెన్ టీవీ, అదే ఏటీఎస్‌సీ 3.0, అని ఇంకో కొత్త పద్ధతి కూడా చాలా ఊళ్ళలో నడుస్తోంది, 2017లో ఎఫ్‌సీసీ దానికి అనుమతిచ్చింది, మామూలు టీవీల్లో అది రాదు. ఎలాగూ కొత్త టీవీ కొంటుంటే ఆలోచించండి గానీ దాని కోసం బాగున్న టీవీ మార్చక్కర్లేదు, యాంటెన్నా ఐతే రెండిటికీ అదే.

బయల్దేరే రోజు చేయాల్సింది మర్చిపోకండి. పట్టు మీద బాణం గుర్తు, సీలింగ్ ప్లేట్ మీద బాణం గుర్తు ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పి, అప్పుడే క్రాంక్ కిందకి దించాలి, అడ్డదిడ్డంగా ఉన్నప్పుడు దించితే ఏసీ డబ్బాకో వెంట్‌కో తగిలి రెక్క విరుగుతుంది. దించాక ప్లేట్ బటన్ ఆఫ్. యాంటెన్నా లేచి ఉండగా బండి కదిలిందంటే మొదటి చెట్టు కొమ్మకే రూఫ్‌తో సహా చీరుకుపోతుంది, అందుకని మేం యాంటెన్నా లేపిన మరుక్షణం ట్రక్కు తాళాలు ఆ క్రాంక్ హ్యాండిల్‌కే తగిలిస్తాం, అది దించకుండా తాళాలు చేతికి తీసుకోం.